మరక కింద, లీకు పైన

సంపాదకులకు నమస్కారం.

కారు కింద ఆయిల్ చుక్క కనబడగానే యజమాని నోట వచ్చే మొదటి మాట "ఎంతవుతుంది?" అనేదే. "ఎక్కణ్ణుంచి కారుతోంది?" అని అడిగేవాళ్లు తక్కువ. షెడ్డుల్లోనూ అదే వరస. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య తడి కనబడితే చాలు, "క్రాంకు వెనక సీలు పోయింది సార్, గేర్‌బాక్సు దించాలి" అనేస్తారు. క్రాంకంటే ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు, సీలంటే దాని చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు. సీలు ఖరీదు వందల్లో ఉంటే, గేర్‌బాక్సు దించి, క్లచ్చు విప్పి, ఫ్లైవీలు ఊడదీసి దాన్ని చేరుకునే కూలి వేలల్లో ఉంటుంది. ఇంతా చేసి బండి అప్పగించిన పదిహేను రోజులకు అదే చోట మళ్లీ చుక్క పడుతుంది. ఎందుకంటే ఆయిల్ కారింది కింద సీలు నుంచి కాదు, పైన ఇంజను హెడ్డును మూసే టాపెట్ కవరు వెనక మూల నుంచి. అది ఇంజను గోడ వెంబడి జారి, క్లచ్చును కప్పి ఉండే బెల్ హౌసింగ్ మీదికి దిగి, అడుగున చుక్కై తేలింది. సీలు మార్చక ముందు మూలం వెతకడం అనే పని మన దగ్గర దాదాపు లేకుండా పోయింది. అది ఎలా చెయ్యాలో యజమానులకూ, పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకూ పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, మన్నించండి.

మొదట, కారుతున్నది ఇంజన్ ఆయిలేనా? చుక్క పడేచోట తెల్ల కాగితం పరిస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఇంజన్ ఆయిల్ తేనె రంగు నుంచి నలుపు దాకా ఉంటుంది. డీజిల్ బండిలో మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది, కాబట్టి నలుపు చూసి భయపడక్కర్లేదు. గేర్ ఆయిల్ చిక్కగా ఉండి గంధకం వాసన కొడుతుంది. ఆ వాసన ఒకసారి ముక్కుకు తగిలితే మళ్లీ మరిచిపోరు. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలూ, పవర్ స్టీరింగ్ ఆయిలూ ఎక్కువ బండ్లలో ఎర్రగా ఉంటాయి. కూలెంట్ ఆకుపచ్చ, గులాబీ, నీలం రంగుల్లో ఉండి తియ్యటి వాసన వేస్తుంది, వేళ్ల మధ్య ఆయిల్ అంత జారదు. బ్రేక్ ఆయిల్ లేత రంగులో పలచగా ఉంటుంది, పడ్డచోట పెయింటు ఉబ్బి లేస్తుంది. చక్రం లోపలి పక్కన అది కనబడితే బండి కదపకుండా మెకానిక్‌ను ఇంటికే పిలవాలి. ఏసీ వేసుకుని వచ్చి ఆపాక కింద పడే నీళ్లు మాత్రం లీకు కాదు. వాటిని చూసి షెడ్డుకు పరుగెత్తేవాళ్లు ఏటా వేసవిలో ఉంటూనే ఉంటారు.

ఇంజన్ ఆయిలే అని తేలాక, ఆయిల్ మట్టం చూపే స్టిక్ చూడాలి. చదునైన నేల మీద, ఇంజను ఆపిన ఐదు పది నిమిషాలకు, ఒకసారి తుడిచి మళ్లీ ముంచి తీసి చూడాలి. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ మధ్య తేడా ఒక లీటరు అటూ ఇటూ. మొత్తం పట్టేదే మూడు లీటర్ల చిల్లర ఉండే చిన్న కారులో ఇది మూడో వంతు. ఇక్కడే ఒక మాట. మట్టం తగ్గడం లీకుకు గుర్తైతే, మరీ పెరగడం లీకుకు కారణం. ఇంజనుకు పట్టేది మూడు లీటర్ల చిల్లర, డబ్బా మూడున్నర లీటర్లది. మిగిలింది ఎందుకు దాచడమని మొత్తం పోసేస్తారు. పై గీత దాటిన ఆయిల్‌ను క్రాంకు బరువులు చిలుకుతాయి, నురగ వస్తుంది, ఆవిరి గొట్టంలోకీ సీళ్ల మీదికీ చిమ్ముతుంది. అలాంటి బండిలో సీళ్లు మార్చేముందు ఎక్కువైన ఆయిల్ తీసేసి వారం చూడాలి. డీజిల్ బండిలో మట్టం దానంతటదే పెరుగుతుంటే లోపల డీజిల్ కలుస్తోందని అర్థం. అది లీకు కన్నా పెద్ద జబ్బు.

ఎంత కారుతోందో లెక్క వేసుకోవడం కష్టం కాదు. మిల్లీలీటరుకు ఇరవై ముప్ఫై చుక్కలు. నిమిషానికి ఒక చుక్క చొప్పున ఆగకుండా కారితే రోజుకు 1440 చుక్కలు, అంటే 50 నుంచి 70 మిల్లీలీటర్లు. రెండు మూడు వారాల్లో లీటరు ఖాళీ. రాత్రికి రెండు మూడు చుక్కలైతే ప్రమాదం లేదు. వారానికోసారి స్టిక్ చూసుకుంటూ తీరిగ్గా మూలం వెతకొచ్చు. మట్టం తగ్గుతోంది, కింద మరక మాత్రం లేదు అంటే ఆయిల్ లోపల మండుతుండాలి, అప్పుడు సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తుంది. లేదా వేడి ఎగ్జాస్టు మీద పడి నేలకు చేరకముందే ఆవిరవుతుండాలి, అప్పుడు బండి ఆపిన వెంటనే బానెట్ దగ్గర మాడు వాసన వస్తుంది. రేడియేటర్ మూత దగ్గర మీగడలాంటి జిడ్డు తేలితే ఆయిల్ కూలెంటులో కలుస్తున్నట్టు.

ఇప్పుడు అట్టముక్క. ఫ్రిజ్జు వచ్చిన అట్టపెట్టె విప్పి ఇంజను కింద పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో పెన్నుతో గీసి, రాత్రంతా వదిలేయాలి. మన చిన్న కార్లలో ఇంజను అడ్డంగా ఉంటుంది. ఎక్కువ బండ్లలో బెల్టు లేదా చైను ఉండే కొస డ్రైవరు పక్క, గేర్‌బాక్సు ఎడమ పక్క. కాబట్టి చుక్కలు కుడి చక్రం వైపు పడితే ఆ బెల్టునో చైనునో కప్పే టైమింగ్ కవరు, క్రాంకు ముందు సీలు, వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు సీలు అనుమానితులు. మధ్యలో పడితే ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు, ఫిల్టరు, ఆయిల్ నిలిచే అడుగు తొట్టి (ఛాంబర్) అంచు. ఎడమకు జరిగితే బెల్ హౌసింగ్ ప్రాంతం. ఇది దిక్కు చూపిస్తుందంతే, చిరునామా చెప్పదు. ఇంజను కింద ప్లాస్టిక్ షీల్డు ఉంటే ముందు దాన్ని విప్పాలి. షీల్డు ఉన్నంతసేపూ ఆయిల్ దాని మీద పారి, దాని కన్నం ఎక్కడుంటే అక్కడే చుక్క పడుతుంది.

ఆయిల్ కిందికి జారుతుంది. బండి నడుస్తుంటే గాలికి వెనక్కి పాకుతుంది. అందువల్ల తడిసిన ప్రాంతంలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న తడి చోటే మూలానికి దగ్గర. ఇది తెలియని మెకానిక్ ఉండడు. కానీ మూడేళ్ల జిడ్డూ దుమ్మూ పేరుకున్న ఇంజన్ మీద "పైన" ఏదో "ముందు" ఏదో ఎవరికీ కనబడదు. కాబట్టి కడగాలి. వాటర్ సర్వీసింగ్ పేరిట చేసే కడుగుడు గురించి కాదు నేను చెప్పేది.

ఇంజను చల్లారాక ఆల్టర్నేటరు, ఫ్యూజు పెట్టె, ఎయిర్ ఫిల్టరు మూతి, ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిళ్ల కనెక్టర్లు పాలిథీన్ కవర్లతో చుట్టాలి. జిడ్డు కరిగించే డీగ్రీజర్ కొట్టి ఐదు పది నిమిషాలు నాననిచ్చి, పెయింటు బ్రష్షుతోనూ పాత టూత్ బ్రష్షుతోనూ మూలమూలా రుద్ది, బనియన్ వేస్టుతో తుడవాలి. నీళ్లు వాడితే మెల్లగా పారే నీళ్లే. ప్రెషర్ పంపు పెడితే సీళ్ల పెదవుల కిందికీ, ప్లగ్గుల గుంతల్లోకీ, కనెక్టర్లలోకీ నీళ్లు దూరతాయి. మర్నాడు బండి మిస్ కొడితే అది కొత్త గొడవ. కిరోసిన్, డీజిల్ వద్దనడానికి మంట భయం ఒక్కటే కాదు, ఇంకో కారణమూ ఉంది. అవి పలచని నూనె పొర వదిలేస్తాయి, రేపు ఆ పొరే లీకులా మెరుస్తుంది. పెట్రోలు మాటే ఎత్తకూడదు. చివర్లో అనుమానమున్న అతుకుల మీద బ్రేక్ క్లీనర్ కొడితే ఏమీ మిగల్చకుండా ఆరుతుంది. చల్లని ఇంజన్ మీద, గాలి ఆడే చోట మాత్రమే కొట్టాలి.

తర్వాత ఓపిక కావాలి. స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ నొక్కకుండా పావుగంట ఐడిల్‌లో ఉంచి, టార్చి వేసి, దంతవైద్యుడి అద్దం లాంటి చిన్న అద్దంతో పై నుంచి కిందికి చూసుకుంటూ రావాలి. చెయ్యి దూరని చోటికి ఫోనును వీడియో పెట్టి దించొచ్చు; కడ్డీ కెమెరా ఉంటే మరీ మంచిది. ఏమీ కనబడకపోతే కొన్ని నిమిషాలు 2000 ఆర్పీఎం దాటించి మళ్లీ చూడాలి. అప్పటికీ లేకపోతే పదిహేను ఇరవై కిలోమీటర్లు తిప్పి వచ్చి, ఆపిన వెంటనే చూడాలి. ఈ మూడు దశలు వేరువేరుగా ఎందుకంటే, లీకు ఏ దశలో మొదలైందన్నదే ఒక ఆచూకీ. ఫిల్టరు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఆయిల్ కూలర్, టర్బోకు ఆయిల్ తెచ్చే గొట్టం, ఇవి ఒత్తిడి ఉన్న దారిలో ఉంటాయి. ఆ ఒత్తిడి ఐడిల్‌లో ఒక బార్ (ఒత్తిడి కొలత) అటూ ఇటూ ఉంటే, నడుస్తున్నప్పుడు మూడు నాలుగు బార్లకు పోతుంది. అక్కడ లీకైతే ఇంజను నడుస్తున్నంతసేపూ చిమ్ముతుంది, ఆపగానే ఆగిపోతుంది. టాపెట్ కవరు కింద ఒత్తిడి ఉండదు, చిలకరింపే. ఆ లీకు నెమ్మదిగా ఊరుతుంది. డ్రెయిన్ బోల్టు, ఛాంబర్ అడుగు భాగం ఎప్పుడూ ఆయిల్లో మునిగి ఉంటాయి కాబట్టి బండి నాలుగు రోజులు నిలబెట్టినా చుక్క పడుతూనే ఉంటుంది. "నడిపితే ఎక్కువా, నిలబెడితే ఎక్కువా?" అన్న ప్రశ్నకు యజమాని ఇచ్చే జవాబు సగం పని తగ్గిస్తుంది. చాలామంది మెకానిక్‌లు ఆ ప్రశ్నే వెయ్యరు.

సన్నటి లీకులకు రెండు ఉపాయాలున్నాయి. ఒకటి ముఖానికి రాసుకునే టాల్కం పౌడరు. శుభ్రంగా ఆరిన ఛాంబర్ అంచు మీద, టైమింగ్ కవరు అతుకు మీద పలచగా చల్లి బండి తిప్పి వస్తే, ఆయిల్ నడిచిన దారి నల్లటి గీతలా పడుతుంది. ఆ గీత పై కొస చూడాలి. బెల్టుల మీదా, గాలి పీల్చే గొట్టం దగ్గరా చల్లొద్దు.

రెండోది ఆయిల్లో కలిపే మెరుపు రంగు. ఏసీ గ్యాసుకూ కూలెంటుకూ అమ్మే రంగులు వేరు, ఇంజన్ ఆయిల్‌కు పనికొచ్చేదే అడిగి తీసుకోవాలి. నాలుగు లీటర్లకు సుమారు 30 మిల్లీలీటర్లు మామూలు మోతాదు, సీసా మీద ఇంకోలా ఉంటే అదే ఖాయం. పోశాక మూత చుట్టూ ఒలికింది బాగా తుడవాలి, లేకపోతే మనం ఒలకబోసినదాన్నే లీకనుకుని వెతుకుతాం. పావుగంట నడిపి, చీకటిపడ్డాక అతినీలలోహిత టార్చి వేసి, దాంతోపాటు ఇచ్చే పసుపు కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే లీకు పసుపుపచ్చగా వెలుగుతుంది. పాత ఆయిల్ కూడా ఆ వెలుగులో కొద్దిగా నీలంగా మెరుస్తుంది, దాన్ని చూసి కంగారుపడొద్దు. ఏమీ కనబడకపోతే రంగు లోపలే ఉంటుంది కనుక 200, 300 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడొచ్చు. గేర్‌బాక్సు దించే కూలితో పోలిస్తే రంగు, టార్చి కలిపినా పెద్ద ఖర్చు కాదు. ప్రతి ఆటోనగర్‌లో ప్రతి షెడ్డు దగ్గరా ఇది ఉండాల్సిన సరుకు.

ఇక అనుమానితుల సంగతి. పైనున్న చవక వాటితో మొదలుపెట్టాలి. ఆయిల్ పోసే మూత లోపలి రబ్బరు రింగు గట్టిపడి పగిలితే మూత చుట్టూ తడి చేరుతుంది, మూత మారిస్తే సరి. దాని తర్వాత టాపెట్ కవరు ప్యాకింగ్. అన్ని లీకుల్లోనూ ఎక్కువగా కనబడేది ఇదే. రబ్బరు ఏళ్ల తరబడి వేడికి బిగుసుకుని ప్లాస్టిక్కులా తయారవుతుంది. విప్పి వంచితే విరుగుతుంది. దీనికి మన దగ్గర చేసే వైద్యం బోల్టులు ఇంకా బిగించడం. చాలా ఇంజన్లలో ఆ బోల్టులకు మెట్టు ఉంటుంది. కవరు మెట్టుకు తగిలాక ఎంత తిప్పినా ప్యాకింగ్ మీద ఒక్క పిసరు ఒత్తిడి పెరగదు, బోల్టు తెగుతుంది లేదా హెడ్డులో మర పోతుంది. మెట్టు లేని చోట ప్లాస్టిక్ కవరు వంగి, రెండు బోల్టుల మధ్య నుంచి కొత్త లీకు మొదలవుతుంది. ఆ 6 మిల్లీమీటర్ల బోల్టులకు కావలసింది 8 నుంచి 11 న్యూటన్ మీటర్లు మాత్రమే, చిన్న రాచెట్‌ను రెండు వేళ్లతో తిప్పినంత. మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకు పోతూ రెండు విడతల్లో బిగించాలి.

ప్లగ్గులు కవరు మధ్యలోంచి దిగే ఇంజన్లలో ప్లగ్గు గొట్టాలకు వేరే సీళ్లుంటాయి. అవి పోతే బయట చుక్క పడదు. ప్లగ్గుల గుంతలో ఆయిల్ నిలుస్తుంది, కాయిల్ రబ్బరు ఉబ్బుతుంది, బండి మిస్ కొడుతుంది. కాయిల్ మార్చి ఆయిల్‌ను అలాగే వదిలేస్తే కొత్త కాయిల్ కూడా పోతుంది. ప్లగ్గు విప్పేముందు ఆ ఆయిల్‌ను పీల్చి తీయాలి, లేకపోతే నేరుగా సిలిండరులోకి పోతుంది. మారుతి 800, జెన్ లాంటి పాత బండ్లలో ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మొదట్లో ఉండే ఓ రింగు ఇంకో పేరుమోసిన దొంగ. చిన్న రబ్బరు రింగు. దాని మీద నుంచి కారే ఆయిల్ గేర్‌బాక్సు పైకి చేరి, వెనక సీలు మీద నింద వేయిస్తుంది.

ఆయిల్ ప్రెషర్ స్విచ్ రెండు రకాలుగా కారుతుంది. మర దగ్గర ఒకటి, వైరు తగిలించే కొస నుంచి రెండోది. కనెక్టరు పీకి చూస్తే లోపల ఆయిల్ ఉందంటే స్విచ్ పొర చిరిగింది, మార్చాల్సిందే. ఒక్క వైరుండే స్విచ్‌కు ఎర్త్ దాని ఒంటి ద్వారానే అందుతుంది. మర చుట్టూ టెఫ్లాన్ టేపు దండిగా చుట్టి బిగిస్తే ఎర్త్ అందక, డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం అసలు వెలగకుండా పోయే ప్రమాదముంది. ఆయిల్ అయిపోయినా తెలియదన్నమాట. తాళం తిప్పగానే ఆ దీపం వెలిగి, స్టార్ట్ కాగానే ఆరుతోందో లేదో చూశాకే పని అయినట్టు.

ఆయిల్ మార్చిన వెంటనే మొదలైన లీకుకు ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు. ఫిల్టరు, డ్రెయిన్ బోల్టు, రెండే. పాత ఫిల్టరు రబ్బరు రింగు బ్లాకుకే అతుక్కుని ఉండిపోతే, దాని మీద కొత్త ఫిల్టరు బిగిస్తారు. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి జారి నిమిషాల్లో ఛాంబర్ ఖాళీ చేస్తాయి. పాత ఫిల్టరు విప్పగానే దాని రింగు దానికే ఉందో లేదో చూడటం రెండు క్షణాల పని. కొత్తదాని రింగుకు కొంచెం ఆయిల్ రాసి, బ్లాకుకు ఆనేదాకా చేత్తో తిప్పి, అక్కణ్ణుంచి ముప్పావు చుట్టు. డ్రెయిన్ బోల్టు వాషరు ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. ఊళ్లో దొరక్కపోతే, అది రాగిదైతే ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మెత్తబడి ఇంకోసారి పనికొస్తుంది. అల్యూమినియం వాషరు మీద ఈ ప్రయోగం వద్దు. చాలా చిన్న పెట్రోలు కార్లలో ఈ బోల్టుకు 35 న్యూటన్ మీటర్ల ప్రాంతం చాలు. పైపు తగిలించి బిగిస్తే ఈసారి లీకు ఆగొచ్చు గానీ వచ్చేసారికి బోల్టు మర మిగలదు.

క్రాంకు ముందు సీలు కారితే కప్పీ వెనక నుంచి ఆయిల్ చక్రంలా చిమ్ముతుంది. బానెట్ అడుగునా, పక్క గోడ మీదా అడ్డంగా గీత పడుతుంది. బెల్టు ఇంజన్లలో క్యామ్ సీలు, క్రాంకు సీలు లీకైతే వాయిదా వెయ్యకూడదు. ఆయిల్ తాగిన టైమింగ్ బెల్టు ఉబ్బి పళ్లు రాలుస్తుంది, చాలా ఇంజన్లలో అది తెగిందంటే వాల్వులు వంగుతాయి. సీలు మార్చినప్పుడు ఆయిల్ తగిలిన బెల్టును తుడిచి మళ్లీ వేయడం తప్పు. కొత్త సీలు వేసేటప్పుడు క్రాంకు మీద పాత సీలు కోసిన గాడి ఉందేమో గోరుతో తడమాలి. గాడి ఉంటే సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టాలి, లేదా పలచని స్లీవు తొడగాలి. గాడిలోనే కూర్చోబెడితే కంపెనీ సీలైనా కారుతుంది. రబ్బరు సీలు పెదవికి ఆయిల్ రాసి ఎక్కించాలి. టెఫ్లాన్ పెదవి ఉన్న సీలును మాత్రం, ప్యాకెట్ మీద వేరుగా చెప్పకపోతే, పొడిగానే ఎక్కించాలి. అలవాటుకొద్దీ దానికీ ఆయిల్ రాసి చెడగొడుతుంటారు.

డీజిల్ బండ్లలో రెండు మారువేషాలు. ఇంజెక్టరు చుట్టూ తారులా నల్లగా గడ్డకట్టి ఉంటే అది ఆయిల్ లీకు కాదు. ఇంజెక్టరు కింది రాగి వాషరు దాటి మండిన వాయువు బయటికి వస్తోంది. అలాగే ఇంజెక్టర్ల తిరుగు గొట్టాల నుంచి కారే డీజిల్ పాత జిడ్డును కరిగించి కిందికి తెస్తుంది, చూడ్డానికి నల్లటి ఆయిలే. వాసన చూస్తే దొరికిపోతుంది. టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ గొట్టాల అతుకుల దగ్గర పలచని ఆయిల్ పొర చాలా టర్బో బండ్లలో మామూలే, క్లిప్పు సరిచూస్తే చాలు. టర్బో నుంచి ఆయిల్ తిరిగివచ్చే గొట్టం కారితే మాత్రం ఆగకూడదు, పక్కనే ఎర్రగా కాగే ఎగ్జాస్టు ఉంటుంది.

ఇప్పుడు ఎవరూ పట్టించుకోని ముఖ్యమైన సంగతి. ఒకేసారి రెండు మూడు చోట్ల నుంచి ఆయిల్ ఊరుతోందంటే అన్ని సీళ్లూ ఒకే ముహూర్తానికి పోయాయని కాదు, లోపల ఒత్తిడి పెరిగిందని. పిస్టన్ రింగులు దాటి వచ్చే వాయువును పీసీవీ వాల్వు ద్వారా ఇంజనే మళ్లీ పీల్చుకుంటుంది. ఆ వాల్వో దాని గొట్టమో మడ్డి పట్టి మూసుకుపోతే వాయువుకు దారి లేక సీళ్ల పెదవులను తోసుకుని వస్తుంది, ఆయిల్‌ను వెంటబెట్టుకుని. పరీక్ష సులువు. పెట్రోలు ఇంజను ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి, ఆ కన్నానికి పలచని ప్లాస్టిక్ గ్లవ్ తొడగాలి. మెల్లగా లోపలికి పీల్చుకుంటే బాగున్నట్టు. బుడగలా ఉబ్బితే పీసీవీ మూసుకుపోయింది, లేదా రింగులు అరిగాయి. గట్టిగా పీల్చి ఈల వేస్తుంటే వాల్వులోని పొర చిరిగింది. డీజిల్ ఇంజన్‌లో కొద్దిగా ఊదడం మామూలే. ఉబ్బిన బండికి పీసీవీ, గొట్టం శుభ్రం చేసో మార్చో మళ్లీ గ్లవ్ పెట్టి చూడాలి. ఈ పని చెయ్యకుండా సీళ్లు మారిస్తే కొత్త సీలు కూడా కొన్నాళ్లకే ఊరుతుంది, నింద మాత్రం "డూప్లికేట్ సీలు" మీద పడుతుంది.

వెనక సీలే నిజంగా పోయిందని ఎప్పుడు ఒప్పుకోవాలి? పైన టాపెట్ కవరు వెనక మూల, క్యామ్ చివరి మూత, డిస్ట్రిబ్యూటరు, ప్రెషర్ స్విచ్, ఛాంబర్ వెనక అంచు, ఇవన్నీ కడిగి రంగు టార్చితో చూస్తే పొడిగా ఉండాలి, గ్లవ్ ఉబ్బకూడదు, బెల్ హౌసింగ్ అడుగు కన్నంలోంచి తొంగిచూస్తే లోపలి నుంచే ఆయిల్ రావాలి. అప్పుడు కూడా ఒకసారి వాసన చూడాలి. గంధకం వాసనైతే అది గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు సీలు, ఇంజను సీలు కాదు. దించడం రెండింటికీ ఒకటే, మార్చాల్సింది వేరు. ఎలాగూ దించాక రెండు సీళ్లూ మార్చి, క్లచ్చు ప్లేటుకు ఆయిల్ తగిలిందేమో, రిలీజ్ బేరింగ్ గరగరమంటోందేమో చూసేయడమే తెలివి.

ఛాంబర్, టైమింగ్ కవరు అతుకులకు వేసే సిలికాన్ పేస్టు గురించి ఒక మాట. రెండు వైపులా పాత పేస్టు గీకి, బ్రేక్ క్లీనర్‌తో జిడ్డు పోగొట్టి, మూడు మిల్లీమీటర్ల తాడులా, బోల్టు కన్నాల లోపలి పక్కనుంచి తెంపు లేకుండా వెయ్యాలి. లావుగా వేస్తే గట్టి అని ఒక నమ్మకం ఉంది. బయటికి పొంగిన ముక్క మనకు కనబడుతుంది, లోపలికి పొంగినది కనబడదు. అది తెగి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే బేరింగులు పోతాయి. ట్యూబు మీద రాసిన సమయం ఆరనివ్వాలి, పూర్తిగా ఆరడానికి సాధారణంగా ఒక రోజు. సాయంత్రం వేసి గంటలో ఆయిల్ పోసి అప్పగించిన పని నిలవదు. టాపెట్ కవరు రబ్బరు ప్యాకింగ్‌కు చుట్టూ పేస్టు అక్కర్లేదు. టైమింగ్ కవరు హెడ్డుతో కలిసే మూలల్లో చిన్న చుక్క చాలు.

"పలచటి ఆయిల్ వల్లే కారుతోంది, చిక్కటి 20డబ్ల్యూ40 పోద్దాం" అనే సలహాకు లొంగొద్దు. పలచని గ్రేడు సీలు లోపాన్ని తొందరగా బయటపెడుతుందే తప్ప లోపాన్ని పుట్టించదు. సన్నని ఆయిల్ దారులతో తయారైన కొత్త ఇంజన్లలో చిక్కటి ఆయిల్ పోస్తే చల్లగా స్టార్ట్ చేసినప్పుడు పైభాగానికి ఆలస్యంగా చేరుతుంది. లీకు ఆపుతామని అమ్మే మందులు గట్టిపడ్డ రబ్బరును ఉబ్బించి కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. చిరిగిన ప్యాకింగ్‌నూ గాడిపడ్డ షాఫ్టునూ ఏ మందూ అతకదు. కొనేటప్పుడు సీలు రబ్బరు ఏదో అడగడం మేలు. మామూలు నైట్రైల్ రబ్బరు 100 నుంచి 120 డిగ్రీలు దాటిన వేడిని ఎక్కువకాలం తట్టుకోలేదు, ఫ్లోరిన్ కలిసిన ఎఫ్‌కేఎం రబ్బరు 200 దాకా ఓర్చుకుంటుంది.

ఇంట్లో చూసుకునేవాళ్లకు హెచ్చరికలు మూడే. బండితో వచ్చిన జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టాలి లేదా ర్యాంపుకు పోవాలి. ఇంజను నడుస్తుండగా లుంగీ అంచు, తువ్వాలు, చున్నీ బెల్టు దగ్గరికి పోకూడదు. రేడియేటర్ ఫ్యాను ఇంజను ఆపాక కూడా దానంతటదే తిరగొచ్చు.

సంపాదకుల ద్వారా వర్క్‌షాపులకు, వాటి సంఘాలకు ఒక విన్నపం. బిల్లులో "ఆయిల్ లీకు సరిచేయబడింది" అని రాస్తే చాలదు. కడిగాక ఏ చోట మొదటి తడి కనబడిందో ఫొటో, గ్లవ్ పరీక్ష ఫలితం, మార్చిన సీలు పార్టు నంబరు, ఇవి జాబ్ కార్డు మీద ఉండాలి. విప్పిన పాత సీలు యజమానికి చూపించాలి. పెదవి మెత్తగా, చిరుగు లేకుండా ఉందంటే మూలం ఇంకెక్కడో ఉన్నట్టే. దాన్ని బండి అప్పగించకముందే వెతకాలి. తీసిన పాత ఆయిల్‌ను కాలవలో పోయడం, చెదలకని దూలాలకు పూయడం మానాలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అది అనుమతి ఉన్న రీసైక్లర్లకు చేరాల్సిన సరుకు.

యజమానులు ఆ అట్టముక్కను పారేయొద్దు. రిపేరయ్యాక దాన్ని తిరగేసి, కొత్తగా చక్రాల గీతలు గీసి, మొదటి రాత్రి ఒకసారి, 300 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి పరవండి. రంగు వేసిన బండైతే ఇంజను మీద పాత మెరుపు పూర్తిగా తుడిపించుకున్నాకే షెడ్డు దాటండి, లేకపోతే పాతదేదో కొత్తదేదో తెలియదు.

ఇట్లు,
మోటారు మెకానిక్ పని నేర్పే ఒక పాఠకుడు,
విజయవాడ